సున్నా వస్తే పాసు

బడిలో సున్నా వచ్చిందంటే ఆ పేపరు ఇంట్లో చూపించడానికి గుండె ధైర్యం కావాలి. కంప్యూటరు షెల్లులో మాత్రం లెక్క తిరగేసి ఉంటుంది. అక్కడ సున్నా వస్తే పాసు, ఇంకే అంకె వచ్చినా ఫెయిలు. లినక్స్ ఉన్న కంప్యూటరులో టెర్మినల్ అనే నల్ల తెర తెరిచి ఏదైనా ఒక కమాండ్ ఇవ్వండి. అది ముగిశాక "ఎకో $?" అని అడగండి. ఉన్న ఫోల్డరును చూపించమని ఉంటే 0 వస్తుంది. లేని ఫోల్డరును చూపించమని ఉంటే 2 వస్తుంది. అసలు లేని కమాండ్ పేరే కొట్టి ఉంటే 127 వస్తుంది.

ఈ అంకెను ఎగ్జిట్ కోడ్ అంటారు. ప్రోగ్రాము తన పని ముగించి వెళ్లిపోతూ, తనను పిలిచినవారి చేతిలో పెట్టి వెళ్లే చీటీ అనుకోవచ్చు. పని చెడితే అంకెతో పాటు తెర మీద ఒక వాక్యం కూడా వస్తుంది, అలాంటి ఫైలు లేదనో, తెరవడానికి అనుమతి లేదనో. వాక్యం మనిషి కోసం, అంకె తర్వాతి ప్రోగ్రాము కోసం. ఇవి రెండూ కంప్యూటరుతో పాటే పుట్టినవి కావు. ఎక్కడో ఎవరికో పని చెడి, చిరాకు పుట్టి, ఆ చిరాకులోంచి వచ్చినవి.

ముందు అంకె సంగతి చూద్దాం. 1964లో ఐబీఎం కంపెనీ సిస్టం/360 అనే పెద్ద కంప్యూటర్లను ప్రకటించింది. వాటిని నడిపే వ్యవస్థ పేరు ఓఎస్/360. అప్పట్లో మనిషి కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్క కమాండ్ ఇవ్వడం అరుదు. చిల్లులు పొడిచిన అట్టముక్కల కట్ట ఒకటి ఇచ్చి వచ్చేవారు. "ముందు ఈ పని చెయ్యి, తర్వాత ఆ పని చెయ్యి" అని ఆ కట్టలోనే రాసి ఉండేది. మొదటి పని చెడిపోతే రెండోది చెయ్యాలా వద్దా? అడగడానికి పక్కన మనిషి లేడు. అందుకని ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు ఒక అంకె వదిలి వెళ్లాలని పద్ధతి పెట్టారు. 0 అంటే బాగుంది. 4 అంటే చిన్న హెచ్చరిక. 8, 12, 16 అని పైకి వెళ్లేకొద్దీ తప్పు పెద్దది.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. ఆ కంప్యూటర్లలో ఐఈఎఫ్‌బీఆర్14 అనే ప్రోగ్రాము ఉండేది, ఇప్పటికీ ఉంది. దాని పని ఏమిటంటే, ఏ పనీ చెయ్యకపోవడం! పిలవగానే తిరిగి వెళ్లిపోతుంది. ఫైళ్లు సృష్టించడం, చెరిపేయడం లాంటివి వ్యవస్థే చేసిపెడుతుంది గానీ, దానికి పేరుకైనా ఒక ప్రోగ్రాము నడవాలి. అందుకోసం పెట్టిన బొమ్మ ప్రోగ్రాము అది. మొదట దానిలో ఒకే ఒక్క సూచన ఉండేది, "వచ్చిన చోటికి తిరిగి వెళ్లు" అని. ఒక్క వాక్యం ఉన్న ప్రోగ్రాములో తప్పు ఏముంటుంది? అయినా ఉంది. ఎగ్జిట్ కోడ్ ఉండవలసిన 15వ రిజిస్టరులో అది ఏమీ రాయలేదు. అంతకుముందు అక్కడ ఏ చెత్త అంకె ఉంటే అదే ఫలితంగా బయటికి వచ్చేది. పనే చెయ్యని ప్రోగ్రాము ఒక్కోసారి ఫెయిలయ్యేదన్నమాట. తర్వాత ఆ రిజిస్టరును సున్నా చేసే ఇంకో సూచన చేర్చారు. ఒకటి కాస్తా రెండయ్యింది. ఊరికే ఉంటే సరిపోదు, "నేను బాగానే ఉన్నాను" అని నోరు తెరిచి చెప్పాలి కూడా!

ఇక వాక్యం కథ. అది అమెరికాలోనే న్యూజెర్సీ రాష్ట్రంలో, మర్రే హిల్ అనే ఊళ్లోని బెల్ ల్యాబ్స్‌లో జరిగింది. అది టెలిఫోన్ కంపెనీ వారి పరిశోధనశాల. అక్కడివారు మొదట ఎంఐటీతోనూ, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీతోనూ కలిసి మల్టిక్స్ అనే పెద్ద వ్యవస్థ కోసం పనిచేశారు. కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రాముకు "షెల్" అని పేరు పెట్టింది ఆ రోజుల్లోనే, లూయీ పూజాఁ అనే ఫ్రెంచి ఆయన. షెల్ అంటే పెంకు, గవ్వ. లోపలి గుజ్జును చుట్టి ఉండే పై భాగం అని అర్థం. 1969లో బెల్ ల్యాబ్స్ ఆ ప్రాజెక్టులోంచి బయటికి వచ్చేసింది. అప్పుడు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, ఇంకొందరు కలిసి పీడీపీ-7 అనే చిన్న కంప్యూటరు మీద సొంతంగా మొదలుపెట్టినదే యూనిక్స్. ఇప్పుడు మన ఫోన్లలో నడిచే ఆండ్రాయిడ్ కింద ఉన్న లినక్స్ ఆ దారిలో వచ్చినదే.

మొదట్లో యూనిక్స్ చాలా పొదుపుగా మాట్లాడేది. ఎడ్ అనే ఎడిటరులో తప్పు కొడితే "?" అని ఒక్క గుర్తు వచ్చేది, అంతే. ఏం తప్పో మనమే తెలుసుకోవాలి. దానికి కారణం ఉంది. అప్పట్లో తెర లేదు. టెలిటైప్ అనే టైపు మిషను కాగితం మీద ఒక్కో అక్షరమే టకటకా కొట్టేది. పెద్ద వాక్యం వస్తే అది ముగిసేదాకా కూర్చోవాలి.

ఈ బృందానికి పీడీపీ-11 అనే మెరుగైన కంప్యూటరు దొరకడానికి కారణం కూడా చిత్రమైనదే. పరిశోధన చేస్తాం కొనిపెట్టండి అంటే కాదు, ఆఫీసు పత్రాలు తయారుచేసే పని చేసిపెడతాం అంటే కొన్నారు. బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగంవారు తమ దరఖాస్తులు దానిమీదే టైపు చేయించుకున్నారు. కాబట్టి యూనిక్స్‌లో కాగితాలు ముద్రించే పని మొదటినుంచీ పెద్ద పని.

1973లో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి పైపు. ఒక ప్రోగ్రాము నుంచి వచ్చేదాన్ని నేరుగా ఇంకో ప్రోగ్రాములోకి పంపే పద్ధతి అది. తోటకు నీళ్లు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి తగిలించినట్టు ప్రోగ్రాములను తగిలించగలగాలని డగ్ మెకిల్రాయ్ అనే ఆయన 1964లోనే ఒక కాగితంలో రాశారు. తొమ్మిదేళ్ల తర్వాత థాంప్సన్ దాన్ని చేసి చూపించారు. రెండోది ఫొటోటైప్‌సెట్టరు, అంటే వెలుగుతో అక్షరాలను ఫొటో కాగితం మీద అచ్చువేసే యంత్రం. దానికోసం జో ఒసాన్నా ట్రాఫ్ అనే ప్రోగ్రాము రాశారు.

ఈ రెండూ కలిసేసరికి ఇబ్బంది మొదలైంది. అప్పటిదాకా ప్రోగ్రాముకు ఒకే నోరు. ఫలితం చెప్పినా, తప్పు చెప్పినా ఆ నోటితోనే చెప్పాలి. మనిషి ముందు కూర్చుని చదువుతుంటే ఫరవాలేదు, ఏది ఫలితమో ఏది ఫిర్యాదో తెలిసిపోతుంది. కానీ ఆ నోటికి గొట్టం తగిలించి ఇంకో యంత్రంలోకి పంపితే? ఫిర్యాదు కూడా గొట్టంలోనే వెళ్లిపోతుంది. మనిషికి ఏమీ కనబడదు, అవతలి యంత్రం దాన్ని కూడా సరుకే అనుకుంటుంది.

అదే జరిగింది. అప్పుడు అక్కడ పనిచేసిన స్టీవ్ జాన్సన్ దీన్ని చాలా ఏళ్ల తర్వాత గుర్తుచేసుకుని చెప్పారు. టైప్‌సెట్టరులోంచి వచ్చిన పొడవాటి ఫొటో కాగితాన్ని కంపుకొట్టే రసాయనాల మిషనులోకి జాగ్రత్తగా పెట్టాలి. చాలా నిమిషాలు ఆగాలి. అప్పుడు గానీ అక్షరాలు కనబడవు. ఒకరోజు మధ్యాహ్నం చాలామంది అలా వరసగా ఆగి, కాగితం బయటికి తీసి చూసుకున్నారు. తమ వ్యాసం లేదు. దాని బదులు ఫలానా ఫైలు తెరవలేకపోయాను అనే ఒక్క వాక్యం, చక్కటి అచ్చు అక్షరాల్లో ఉంది. పెళ్లి శుభలేఖ కోసం ప్రెస్సుకు వెళ్తే, "పెళ్లికొడుకు పేరు దొరకలేదు" అని బంగారు రంగులో అచ్చేసి ఇచ్చినట్టు ఉంటుంది కదా. అందరూ గట్టిగానే గొణుక్కున్నారు. వినవలసినవారు అక్కడే ఉండి విన్నారు. రెండు రోజుల్లో ప్రోగ్రాములకు రెండో నోరు వచ్చింది. దాని పేరే స్టాండర్డ్ ఎర్రర్.

గొప్ప గొప్ప సిద్ధాంతాల వల్ల కంప్యూటర్లు ఎదిగాయని పుస్తకాల్లో చదువుతాం. నా అభిప్రాయం ఏమిటంటే, ఇలాంటివి చాలావరకు కాగితం వృథా అయినవాళ్ల గొణుగుడు వల్లే వచ్చాయి. సరైన మనిషి వినేంత దగ్గరగా గొణగడం ముఖ్యం.

అప్పటినుంచి ప్రతి ప్రోగ్రాముకూ పుట్టగానే మూడు ద్వారాలు తెరిచి ఉంటాయి. 0వ ద్వారంలోంచి సరుకు లోపలికి వస్తుంది. 1వ ద్వారంలోంచి ఫలితం, 2వ ద్వారంలోంచి ఫిర్యాదు బయటికి వెళ్తాయి. మామూలుగా 1, 2 రెండూ తెర మీదికే వస్తాయి కాబట్టి పాలూ నీళ్లూ కలిసినట్టే కనబడతాయి. కావాలంటే హంసలాగా వేరు చేసుకోవచ్చు. కమాండ్ చివర "> ఫలితం" అని రాస్తే ఫలితం ఒక ఫైలులోకి, "2> తప్పులు" అని రాస్తే ఫిర్యాదులు ఇంకో ఫైలులోకి వెళ్తాయి. రెండూ ఒకే ఫైలులోకి కావాలంటే "> అన్నీ 2>&1" అని రాయాలి. ఇందులో వరస ముఖ్యం. షెల్ ఎడమ నుంచి చదువుతుంది. ముందు 1ని ఫైలు వైపు తిప్పుతుంది, తర్వాత "1 ఇప్పుడు ఎటు ఉందో 2 కూడా అటే" అంటుంది. వరస మార్చి "2>&1 > అన్నీ" అని రాస్తే, 1 ఇంకా తెర వైపు ఉండగానే 2 దాన్ని చూసి తెర వైపే ఉండిపోతుంది. ఫిర్యాదులు ఫైలులోకి వెళ్లవు.

మళ్లీ అంకె దగ్గరికి వద్దాం. యూనిక్స్‌లో ఒక ప్రోగ్రామును ఇంకో ప్రోగ్రాము పుట్టిస్తుంది. పుట్టించినదాన్ని తల్లి అనీ, పుట్టినదాన్ని పిల్ల అనీ అంటారు. షెల్ తల్లి, మనం ఇచ్చిన కమాండ్ పిల్ల. పిల్ల పని ముగిసేదాకా తల్లి కాచుకుని ఉంటుంది. పిల్ల వదిలిన అంకె తల్లికి అందుతుంది. పాత యూనిక్స్‌లో తల్లికి అందేది 16 బిట్ల ముక్క. అందులో సగం పిల్ల తానుగా చెప్పిన అంకెకు. మిగతా సగం, అది తానుగా ముగియక బయటినుంచి ఎవరైనా ఆపేస్తే ఆ సంగతికి. అందువల్ల ఎగ్జిట్ కోడ్‌కు మిగిలింది 8 బిట్లు, అంటే 0 నుంచి 255 వరకే. 256 అని చెబితే షెల్లుకు 0 అని వినిపిస్తుంది. ఎన్ని తప్పులు దొరికాయో ఆ సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా ఇచ్చే ప్రోగ్రాము ఎవరైనా రాశారనుకోండి. సరిగ్గా 256 తప్పులు ఉన్న రోజున అది ఫస్టు క్లాసులో పాసవుతుంది.

కెన్ థాంప్సన్ రాసిన మొదటి షెల్లులో "ఇఫ్", "గోటూ" అనేవి షెల్లులో భాగాలు కావు, విడి ప్రోగ్రాములు. 1979లో వచ్చిన ఏడో యూనిక్స్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన కొత్త షెల్ వచ్చింది. అందులో "ఇఫ్" తర్వాత నేరుగా ఏ కమాండ్ అయినా పెట్టొచ్చు. ఆ కమాండ్ 0 ఇస్తే నిజం, లేకపోతే అబద్ధం. లెక్కల్లోనూ, సీ భాషలోనూ 0 అంటే అబద్ధం కదా, ఇక్కడ తలకిందులు ఎందుకు? పాసైనవాణ్ణి ఎందుకు పాసయ్యావని ఎవరూ అడగరు. ఫెయిలైతేనే ఎందుకు, ఎలా, ఏ సబ్జెక్టులో అని అందరూ అడుగుతారు. పాసుకు ఒక్క అంకె చాలు, ఫెయిలుకు చాలా కావాలి. 0 ఒక్కటే, సున్నా కాని అంకెలు బోలెడు. అందుకని అలా పంచిపెట్టడం సరిగ్గా కుదిరింది.

ఆ ఏడో యూనిక్స్‌లోనే ఎప్పుడూ 0 ఇచ్చే "ట్రూ" అనే కమాండ్ ఉంది. ఆ ఫైలు తెరిస్తే లోపల ఒక్క అక్షరం ఉండదు. ఖాళీ ఫైలును షెల్ నడిపితే చెయ్యడానికేమీ ఉండదు, చెయ్యడానికేమీ లేకపోతే తప్పూ జరగదు, 0 వస్తుంది. ఐబీఎంవారి బొమ్మ ప్రోగ్రాముకు రెండు సూచనలు కావలసి వచ్చిన పనిని ఇక్కడ శూన్యమే చేసిపెట్టింది.

అయితే సున్నా కానిదంతా తప్పే అనుకోవడం కూడా సరికాదు. ఫైలులో ఒక మాట ఉందా అని వెతికే గ్రెప్ చూడండి. మాట దొరికితే 0, దొరక్కపోతే 1, అసలు ఫైలే తెరవలేకపోతే 2. "లేదు" అనడం వేరు, "వెతకలేకపోయాను" అనడం వేరు. తాళం వేసి ఉన్న ఇంటికి వెళ్లి వచ్చి "ఆయన ఇంట్లో లేరు" అని చెప్పడానికీ, అసలు ఆ వీధి దొరక్క వెనక్కి వచ్చి అదే మాట చెప్పడానికీ ఉన్నంత తేడా. రెండు ఫైళ్లను పోల్చే డిఫ్ కూడా అంతే. ఒకటే అయితే 0, తేడా ఉంటే 1, పోల్చలేకపోతే 2. ఇంకా కొన్ని అంకెలకు షెల్లే అర్థం ఇస్తుంది. 126 అంటే కమాండ్ ఉంది గానీ నడపడానికి వీల్లేదు. 127 అంటే లేనే లేదు. 128 దాటితే సాధారణంగా ఎవరో మధ్యలో ఆపేశారని. కంట్రోల్-సీ నొక్కి ఆపితే 130 వస్తుంది, ఎందుకంటే ఆ ఆపుడు సంకేతం నంబరు 2.

మిగతా కంప్యూటర్లవారు వేరే దారులు పట్టారు. డిజిటల్ కంపెనీ వీఎంఎస్‌లో బేసి సంఖ్య అయితే పాసు, సరి సంఖ్య అయితే ఫెయిలు. మైక్రోసాఫ్ట్ డాస్‌లో "ఎర్రర్‌లెవెల్ 1 అయితే" అని రాస్తే, 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే అని అర్థం. అందుకని పెద్ద అంకె నుంచి కిందికి దిగుతూ అడగాలి. తప్పుల నోటిని వేరుగా మళ్లించే వీలు ఆ డాస్ షెల్లులో లేనేలేదు. బెల్ ల్యాబ్స్‌వారే తర్వాత చేసిన ప్లాన్ 9లో అంకెలే తీసేశారు. ప్రోగ్రాము వెళ్తూ ఒక మాట చెబుతుంది, ఏమీ చెప్పకపోతే క్షేమం. ఇది నాకు ముచ్చటగా అనిపించింది గానీ, లోకం మాత్రం అంకెల దగ్గరే ఆగిపోయింది.

అంకె ఉండటం మంచిదే అని నేను అనుకోవడానికి కారణం భాష. మా హోసూరులో ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, సరిహద్దు దాటితే కన్నడం. బస్సు ఎటు వెళ్తుందో బోర్డు చదవడం రానివాళ్లు కూడా నంబరు చూసి ఎక్కుతారు. కంప్యూటరులోనూ అంతే. లినక్స్‌లో జర్మన్ భాష ఎంచుకున్నవారికి తప్పుల వాక్యాలు జర్మన్‌లో వస్తాయి. ఎవరైనా తెలివిగా, "తెర మీద ఫలానా ఇంగ్లీషు మాట కనిపిస్తే తప్పు జరిగినట్టు" అని స్క్రిప్టు రాశారనుకోండి, జర్మన్ కంప్యూటరులో ఆ స్క్రిప్టుకు ఏ తప్పూ కనిపించదు. గుడ్డిగా ముందుకు వెళ్లిపోతుంది. అందుకే అలాంటి స్క్రిప్టుల మొదట్లో భాషను మూల ఇంగ్లీషుకు మార్చే ఒక వరస చేరుస్తుంటారు. అంకెకు ఆ బాధ లేదు. వాక్యం ఏ భాషలో వచ్చినా 127 అంటే 127. రేపు తప్పులన్నీ పూర్తిగా తెలుగులో చెప్పే షెల్ ఎవరైనా తయారుచేస్తే, దాని కింద ఉన్న స్క్రిప్టులు ఒక్కటీ చెడకూడదంటే అవి వాక్యాన్ని కాకుండా అంకెను నమ్మి ఉండాలి.

అంకెను నమ్మినా ఒక చోట చిల్లు ఉంది. అది గొట్టాల దగ్గర. రెండు ప్రోగ్రాములను పైపుతో కలిపితే షెల్ చివరిదాని అంకె మాత్రమే చెబుతుంది. మొదటిది సమాచారాన్ని తీసి ఇస్తుంది, రెండోది దాన్ని కుదించి ఫైలులో దాస్తుంది అనుకుందాం. మొదటిది పుట్టగానే చచ్చిపోయింది. రెండోదానికి ఏమీ రాలేదు. అది ఆ ఏమీలేనితనాన్నే శ్రద్ధగా కుదించి, ఫైలులో పెట్టి, 0 అని చెప్పి వెళ్లిపోతుంది. మిల్లులో వడ్లు పొయ్యకపోయినా కింద సంచి కుట్టి, ముద్ర వేసి ఇచ్చినట్టు. దీన్ని పూడ్చడానికి డేవిడ్ కార్న్ గారి షెల్లులో "పైప్‌ఫెయిల్" అనే ఏర్పాటు వచ్చింది. వరసలో ఏ ఒక్కటి ఫెయిలైనా మొత్తం ఫెయిలే అని దాని అర్థం. 2004లో బాష్ షెల్ మూడో కూర్పు దాన్ని తీసుకుంది. షెల్లులన్నీ పాటించవలసిన పాజిక్స్ ప్రమాణంలో అది చేరింది 2024లో. పైపు పుట్టిన 51 ఏళ్లకు!

రెండు నోళ్లూ, అంకే, అన్నీ సరిగ్గా ఉన్నా ఏమవుతుందో 2017 జనవరి 31న ప్రపంచమంతా చూసింది. గిట్‌ల్యాబ్ అనేది ప్రోగ్రాములు రాసేవారు తమ పనిని దాచుకునే వెబ్‌సైటు. ఆ రాత్రి వారి డేటాబేసు ఇబ్బంది పెడుతుంటే, ఒక ఇంజినీరు రెండో సర్వరులో చెరిపేయవలసిన ఫోల్డరును అసలు సర్వరులో చెరిపేశారు. ఒకటి రెండు సెకన్లలో గుర్తించి ఆపారు. అప్పటికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, రోజూ నకలు తీసి అమెజాన్ నిల్వలో దాస్తున్నాం కదా అని వెళ్లి చూస్తే అక్కడ ఖాళీ. నకలు తీసే ప్రోగ్రాము 9.2 కూర్పుది, డేటాబేసేమో 9.6 కూర్పుది. కూర్పు కలవలేదని ఆ ప్రోగ్రాము తప్పు చెప్పి ఆగిపోతూనే ఉంది.

తప్పు చెప్పలేదని కాదు. చెప్పింది. రోజువారీ పనులు నడిపే క్రాన్ ఆ తప్పును ఈమెయిలుగా పంపింది కూడా. కానీ నకిలీ ఉత్తరాలను ఆపే డీమార్క్ అనే ఏర్పాటుకు తగ్గట్టు ఆ ఉత్తరాలకు సంతకం లేదు. అందుకని అవతలి సర్వరు వాటిని లోపలికి రానివ్వలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఉత్తరం రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందని అందరూ అనుకున్నారు. షెల్లులో మౌనం అంటే క్షేమం కదా, ఆ అలవాటే ఇక్కడ ముంచింది.

ఈ వివరాలన్నీ గిట్‌ల్యాబ్‌వారే దాచకుండా రాసి బయటపెట్టారు. డేటా తిరిగి ఎక్కించే పనిని యూట్యూబులో ప్రత్యక్షంగా చూపించారు. అది కూడా తప్పును పదిమందికి వినబడేలా చెప్పడమే. సుమారు ఆరు గంటల్లో చేరిన సమాచారం పోయింది. దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 మంది కొత్త వాడుకరుల ఖాతాలు దెబ్బతిన్నాయి. ఇరవై నాలుగు గంటలది కాకుండా ఆరు గంటలదే పోవడానికి కారణం వారి ఏర్పాట్లలో ఏదీ కాదు. ఆ సాయంత్రమే ఒక ఇంజినీరు వేరే పరీక్ష కోసం, ఎవరూ చెప్పకుండానే, చేత్తో ఒక నకలు తీసిపెట్టుకున్నారు. చివరికి ఎక్కించినది దాన్నే.